ఆర్క్ ఆగినప్పుడే ఎక్కువ జాగ్రత్త

యాంకర్: నమస్కారం. ఈరోజు ఆర్క్ వెల్డింగ్ గురించి, అంటే ఆర్క్ అనే కరెంటు మెరుపుతో లోహాన్ని కరిగించి అతకడం గురించి మాట్లాడుకుందాం. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్న అన్న మనతో ఉన్నారు. అన్నా, సూటిగా అడిగేస్తా. వెల్డింగ్ అంటే అందరికీ ఆ వెలుగంటేనే భయం. మీకు దేనికి భయం?

వెల్డర్: వెలిగే ఆర్క్ కన్నా ఆగిపోయిన ఆర్క్‌కే నేను ఎక్కువ భయపడతాను. నవ్వకండి, నిజం. ఆర్క్ నడుస్తున్నప్పుడు రాడ్‌కీ జాబ్‌కీ, అంటే మనం అతికే లోహపు ముక్కకీ, మధ్య ఉండేది 20, 30 వోల్టులే. ఆపేసి రాడ్ బిగించే హోల్డర్ పట్టుకుని నిలబడ్డామా, అదే మెషిన్ 60 నుంచి 80 వోల్టుల దాకా ఇస్తూ ఉంటుంది.

యాంకర్: గోడ ప్లగ్‌లో వచ్చే కరెంటుతో పోలిస్తే అది తక్కువే కదా?

వెల్డర్: ఒళ్లు పొడిగా ఉంటే తక్కువే. కానీ వెల్డర్ ఒళ్లు పొడిగా ఎప్పుడుంటుంది? గ్లౌజు చెమటతో తడిసి ఉంటుంది. మోకాలు ఇనుప జాబ్ మీద ఆని ఉంటుంది. ఒక చేత్తో హోల్డర్ పట్టుకుని ఇంకో చేత్తో కొత్త రాడ్ పెడతాడు. అంతే, కరెంటు చేతిలోంచి గుండె మీదుగా మోకాలికి దారి చూసుకుంటుంది. మనిషి ప్రాణం పోవడానికి 80 వోల్టులు చాలు. అందులోనూ పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషిన్లు ఇచ్చేది ఏసీ. అదే వోల్టేజీలో డీసీ కన్నా ఏసీ ప్రమాదం.

యాంకర్: రాడ్ మీద ఫ్లక్స్ అనే మందు పూత ఉంటుందిగా, అది కరెంటును ఆపదా?

వెల్డర్: దాన్ని నమ్ముకోవద్దు. తడి తగిలిందంటే అసలు నమ్మొద్దు. పొడి గ్లౌజులు ఇంకో జత దగ్గర పెట్టుకోవాలి. కింద రబ్బరు మ్యాటో, పొడి చెక్క పలకో వేసుకోవాలి. హోల్డర్‌ని చంకలో ఇరికించుకోవడం, కేబుల్‌ని భుజానికి చుట్టుకోవడం చేస్తుంటారు చూడండి, చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఇరుకు చోట, తడి చోట పనైతే ఆర్క్ లేనప్పుడు వోల్టేజీ తగ్గించే వీఆర్‌డీ ఉన్న మెషిన్ వాడాలి.

యాంకర్: కరెంటు మెషిన్‌కి తిరిగి వెళ్లే కేబుల్‌కి ఉండే క్లాంప్ ఎక్కడ పెట్టినా ఒకటేనా?

వెల్డర్: కాదు. అతుకు వేసే చోటికి వీలైనంత దగ్గర పెట్టాలి, అదీ పెయింటు గీకేసిన లోహం మీద. దూరంగా పెడితే కరెంటు బేరింగుల్లోంచో, గొలుసుల్లోంచో తిరిగి వస్తుంది. వాటిని కాల్చేస్తుంది కూడా.

యాంకర్: సరే, ఇక కళ్ల సంగతి.

వెల్డర్: కళ్ల విషయంలో మోసం ఏంటంటే, ఆర్క్ చూసిన వెంటనే ఏమీ తెలియదు. అల్ట్రావయొలెట్ కిరణాలు కంటి పైపొరను కాలుస్తాయి. నొప్పి మొదలయ్యేది మామూలుగా 6 నుంచి 12 గంటల తర్వాత. అర్ధరాత్రి లేస్తే కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది, నీళ్లు కారతాయి, లైటు చూడలేం. ఎక్కువగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అయినా డాక్టరుకు చూపించాలి. నలపకూడదు. మొద్దుబార్చే చుక్కలు సొంతంగా వేసుకుంటే పుండు మానడం ఆలస్యమవుతుంది.

యాంకర్: హెల్మెట్ ఉంటే సరిపోతుందిగా?

వెల్డర్: వెల్డర్‌కి ఉంటుంది, పక్కన జాబ్ పట్టుకునే హెల్పర్‌కి ఉండదు. ఎక్కువగా దెబ్బతినేది అతనే. గ్లాసు ఎంత నల్లగా ఉందో చెప్పే నంబరు కూడా చూడాలి. 100 ఆంపియర్ల దగ్గర 10వ నంబరు, 200 దగ్గర 12. ఆర్క్ వెలగగానే గ్లాసు దానంతటదే నల్లబడే ఆటో డార్కెనింగ్ హెల్మెట్ ఒక్కోసారి నల్లబడకపోతే కళ్లు పోయాయని కంగారు పడతారు. మంచి హెల్మెట్‌లో గ్లాసు తేటగా ఉన్నా అల్ట్రావయొలెట్‌ను ఎప్పుడూ ఆపుతూనే ఉంటుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి తప్ప కాలవు. ఇంకోటి, స్లాగ్, అంటే అతుకు మీద గట్టిపడిన పెంకు కొట్టేటప్పుడు హెల్మెట్ పైకెత్తేస్తారు. పెచ్చు ఎగిరేది సరిగ్గా అప్పుడే. కాబట్టి లోపల సేఫ్టీ గ్లాసులు ఉండాల్సిందే.

యాంకర్: బట్టలు?

వెల్డర్: మందపాటి కాటన్ లేదా లెదర్. నైలాన్, పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటాయి. జేబులో లైటర్ వద్దు. అంతే.

యాంకర్: పొగ గురించి జనం పెద్దగా పట్టించుకోరు అనిపిస్తుంది.

వెల్డర్: అస్సలు పట్టించుకోరు. జీఐ పైపు తీసుకోండి. పైన ఉన్న జింకు పూత 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఇనుము కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి. అంటే మన అతుకు మొదలయ్యే లోపే జింకు తెల్లటి పొగై ముఖానికి కొడుతుంది. సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి. మర్నాటికో ఆ మర్నాటికో పోతుంది కాబట్టి ఏదో జలుబు జ్వరం అనుకుని మళ్లీ అదే పైపు ముందు కూర్చుంటారు. పాలు తాగితే సరిపోతుందంటారు. పొగ వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి, పాలు వెళ్లేది కడుపులోకి.

యాంకర్: మరి పాతికేళ్లు అలా పీలిస్తే?

వెల్డర్: ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ 2017లో వెల్డింగ్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. స్టెయిన్‌లెస్ స్టీల్ పొగలో క్రోమియం ఉంటుంది, అది మరీ చెడ్డది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఈ పొగ ఆగదు. తల పొగ దారిలో పెట్టకూడదు, పక్కకి వంగాలి. పొగను లాగేసే ఎక్స్‌హాస్ట్ ఉండాలి, లేదంటే ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్. జింకు పూత, పెయింటు ముందే గీకేయాలి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన జాబ్ మీద మాత్రం ఆర్క్ కొట్టొద్దు. దాని ఆవిరి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది.

యాంకర్: ఖాళీ డ్రమ్ములు?

వెల్డర్: ముట్టుకోవద్దు. లోపల ఏముండేదో తెలియని డ్రమ్ము ఖాళీ అయ్యాకే ఎక్కువ ప్రమాదం. ద్రవం అయిపోతుంది, ఆవిరి మిగులుతుంది. అది బాంబే.

యాంకర్: పనయ్యాక మెషిన్ ఆపేసి వెళ్లిపోవచ్చా?

వెల్డర్: లేదు. రవ్వలు 11 మీటర్ల దాకా ఎగురుతాయి. నేల పగుళ్లలోకి, గోడ సందుల్లోకి దూరి లోలోపల రాజుకుంటాయి. అందుకే కనీసం అరగంట కాపలా ఉండాలి, ఇంకా ఎక్కువైతే మేలు. గోడ మీద వేస్తే అవతలి గది కూడా చూసి రావాలి.

యాంకర్: ఆ కాపలా వెల్డరే చేస్తే సరిపోతుందా?

వెల్డర్: పని అయ్యాక సరే. పని జరిగేటప్పుడు కుదరదు. నల్ల గ్లాసు వెనక ఉన్నవాడికి ఆర్క్ తప్ప ఇంకేమీ కనపడదు, వెనక గుడ్డలు అంటుకున్నా తెలియదు. దానికి ఇంకో మనిషి ఉండాలి, ఎక్స్‌టింగ్విషర్ పక్కనే పెట్టుకుని. అతను ఫోన్ చూస్తూ కూర్చుంటే మాత్రం లెక్కలోకి రాడు.