పిల్లలొస్తున్నారని మందు కొట్టించకండి

(హైదరాబాద్ పద్మారావునగర్‌లోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, బాలల దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసలోని పెద్దలకు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న అమ్మానాన్నలకు, అమ్మమ్మలకు, తాతయ్యలకు పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ మూడేళ్ల పిల్లలు ఎంతసేపు కుదురుగా ఉంటారో మీకూ తెలుసు. నేరుగా విషయానికొస్తాను.

బొమ్మల పుస్తకం థీమ్‌తో చిన్నపిల్లలకి ప్లే డేట్, అంటే నలుగురు పిల్లలూ కలిసి ఆడుకునే పూట, ఎలా పెట్టాలో చెప్పమని సెక్రటరీ గారు అడిగారు. ఒక పుస్తకంతో మొదలుపెడతాను. పేరు 'ద వెరీ హంగ్రీ కాటర్‌పిల్లర్'. ఎరిక్ కార్ల్ అనే అమెరికా చిత్రకారుడిది, 1969లో వచ్చింది. బాగా ఆకలేసిన ఒక గొంగళిపురుగు కథ. సోమవారం ఒక యాపిల్ తింటుంది, మంగళవారం రెండు బేరిపళ్లు, అలా పెరుగుతూ శుక్రవారానికి ఐదు నారింజలు. తిన్న చోటల్లా కాగితానికి నిజంగానే చిల్లు ఉంటుంది. ఆ చిల్లులో వేలు పెట్టని పిల్లని నేనింతవరకు చూడలేదు. శనివారం కేకు, ఐస్‌క్రీమ్, ఏది దొరికితే అది తిని కడుపునొప్పి తెచ్చుకుంటుంది. మర్నాడు ఒక్క పచ్చటి ఆకు తింటే తగ్గిపోతుంది. చివరికి సీతాకోకచిలుక అవుతుంది. వారాలు, అంకెలు, పళ్లు, ఒక పురుగు బతుకు, అన్నీ అందులోనే.

ఈ పుస్తకం పేరు మీదే ఒక గేటెడ్ కమ్యూనిటీలో ప్లే డేట్ పెట్టి నన్ను కథ చెప్పమని పిలిచారు. వెళ్లేసరికి గోడంతా పూల బ్యాక్‌డ్రాప్. పిల్లలందరికీ అద్దెకు తెచ్చిన రెక్కలు. మూడంతస్తుల కేకు మీద గొంగళిపురుగు. పుస్తకం మాత్రం ప్లాస్టిక్ కవర్ తీయకుండా కేకు పక్కన నిలబెట్టారు, ఫొటోలో పడాలని. కథకి పది నిమిషాలు ఇచ్చారు, అందులో సగం మైకు సరిచేయడానికే పోయింది. సరే, ఇదంతా ఈ రోజుల్లో మామూలే అనుకున్నాను.

కథయ్యాక పిల్లల్ని బయటికి తీసుకెళ్దామని తోటలోకి వెళ్లాను. అక్కడ వరసగా కరివేపాకు చెట్లు, రెండు నిమ్మ చెట్లు. ఒక్క పురుగు లేదు. తోటమాలిని అడిగితే, "నిన్న సాయంత్రమే మందు కొట్టినం అమ్మా. పొద్దున పిల్లలొస్తరు, పురుగుల్లేకుండ చెయ్యమన్నరు" అన్నాడు.

సీతాకోకచిలుకల పండగ పెట్టి, దానికోసం సీతాకోకచిలుకల పిల్లల్ని చంపేశారండీ! పైగా ఆ మందు చల్లిన ఆకుల మధ్యే ఆ పసివాళ్లు ఆడాలి. నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. పుస్తకంలో పురుగు ముద్దొచ్చింది, చెట్టు మీద పురుగు పనికిరాలేదు.

మీలో ఎంతమంది ఇంట్లో కరివేపాకు కుండీ ఉంది? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరికీ ఉంది. మీరు థీమ్ కోసం ఎవరికీ డబ్బులు కట్టక్కర్లేదు. కరివేపాకు మీద, నిమ్మ మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు మన ఊళ్లోనే తిరుగుతుంటాయి. వాటి పిల్ల మొదట్లో నల్లగా, మధ్యలో తెల్ల మచ్చతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పిట్టలు తినకుండా. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి చిన్న కొమ్ముల జత బయటికి తీస్తుంది, ఒక ఘాటు వాసన వస్తుంది. అది చూసిన పిల్లవాడు ఇంకో అరగంట అక్కడి నుంచి కదలడు. ఒక్క జాగ్రత్త: ఒంటి నిండా నూగున్న బొంతపురుగుని మాత్రం ముట్టుకోనివ్వకండి, దురద పుడుతుంది.

ఇక ఏర్పాట్లు. ఐదారుగురు పిల్లలు చాలు, ప్రతి పిల్లతోనూ ఇంట్లోవాళ్లు ఒకరుండాలి. పొద్దున పదింటికి పెట్టండి, మధ్యాహ్నం నిద్ర వేళకి ఇల్లు చేరాలి. గంటన్నర దాటనివ్వకండి. చాప పరిచి, ముందు పుస్తకం చదవండి. ఆట, తిండి ఆ తర్వాతే. గబగబా చదివేయకండి. "ఇదేంటి" అని అడిగి ఆపేయకుండా "ఇప్పుడేం చేస్తుందంటావు?" అని అడగండి. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన బృందం 1988లో ప్రచురించిన పరిశోధనలో ఇలా అడుగుతూ చదివించుకున్న పసిపిల్లలకి మాటలు బాగా పెరిగాయని తేలింది. మన అమ్మమ్మలు "ఊ" కొట్టించుకుంటూ కథ చెప్పేది కూడా ఇందుకే కదా.

పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్నా కథ తెలుగులో చెప్పండి. బేరిపండు తెలియకపోతే జామకాయ అనండి, ఏం కొంపలు మునగవు. పక్క ఫ్లాట్ పాప ఇంట్లో ఉర్దూ మాట్లాడితే, పళ్ల పేర్లు వాళ్లమ్మనే చెప్పమనండి. తెలుగులో పుస్తకాలు లేవని నాతో అనకండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి. ఫోన్లో చూపించకుండా ప్రింటు తీసి కుట్టండి, పిల్లలకి పేజీ తిప్పడమే సగం ఆట. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికినా బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి.

తిండి దగ్గర నేను కఠినంగానే చెప్తాను. ద్రాక్షపండు అలాగే ఇవ్వొద్దు, నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. ఐదేళ్ల లోపు వాళ్లకి పల్లీలు, బఠానీలు గింజలుగా పెట్టొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. బుడగలు కట్టకండి, పగిలిన ముక్కలు నోట్లో పెట్టుకుంటారు. ఏ పిల్లకి ఏది పడదో ముందురోజే అడిగి పెట్టుకోండి.

రిటర్న్ గిఫ్టులు వద్దు. ఇవ్వకపోతే బాగోదు అనుకుంటే, ఒక కరివేపాకు మొక్క ఇవ్వండి.

ఆదివారం పదింటికి మన పార్కులోనే మొదటి ప్లే డేట్ పెట్టుకుందాం, పుస్తకం నేను తెస్తాను. సెక్రటరీ గారూ, మీ దగ్గర నాకు ఒకే కోరిక. పార్కు గేటు పక్కన ఉన్న నాలుగు కరివేపాకు చెట్లకి ఇక మీదట మందు కొట్టించకండి. ఆకులకి చిల్లులు పడ్డాయని ఎవరైనా కంప్లయింట్ చేస్తే, వాళ్లని నా దగ్గరికి పంపండి.