నా విమానానికి రంగు వేయించిన లెక్క

అందరికీ నమస్కారం.

భోజనాలకు ముందు మాట్లాడేవాడు ఎక్కువసేపు మాట్లాడకూడదని నాకు తెలుసు. అందుకే విమానం ఎలా కట్టానో మొదటినుంచీ ఎత్తుకోను. ఆ కథ మీలో సగం మంది మా గరాజ్‌లో నిలబడి విన్నదే. నేను రివెట్లు కొడుతుంటే రేకు వెనక ఇనుప దిమ్మ పట్టుకున్నవాళ్లు కూడా ఈ హాల్లో ముగ్గురున్నారు, వాళ్ల చెవులకు క్షమాపణలు. ఇవాళ ఒక్క రంగు గురించే చెబుతాను. ఏడేళ్ల పనిలో ఇంజన్ బిల్లు చూసి కూడా నేను అంత బిత్తరపోలేదు. రంగు బిల్లు చూసి కుర్చీలో కూలబడ్డాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆరెగాన్ రాష్ట్రంలో అరోరా అనే చిన్న ఊళ్లో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ ఉంది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ అనే ఇంజనీరు 1973లో మొదలుపెట్టాడు. వాళ్లు ముఖ్యంగా అమ్మేది విమానం కాదు, విమానం కట్టుకునే సామాను. నాది ఆర్‌వీ-9ఎ. పక్కపక్కన ఇద్దరు కూర్చునేది, అల్యూమినియం రేకుతో చేసేది. రివెట్లే పది వేలకు పైగా పడతాయి. ఇలాంటి విమానానికి ఎఫ్‌ఏఏ, అంటే అమెరికా ప్రభుత్వ విమానయాన శాఖ వాళ్లు సర్టిఫికెట్ ఇవ్వాలంటే పనిలో సగానికి పైగా ఔత్సాహికులే, నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలి. దీన్నే అందరూ 51 శాతం రూలు అంటారు. ఆ లెక్కలోకి రంగు రాదు. అంటే డబ్బిచ్చి రంగు వేయించుకుంటే ఎవరూ తప్పుపట్టరు. నాకు ఈ సంగతి ముందే తెలుసు. తెలిసి కూడా "విమానమే కట్టినవాణ్ని, రంగు వేసుకోలేనా" అనుకున్నాను.

అలా అనుకోవడానికి నాకో కారణం ఉంది. మాది విజయవాడ. మా బాబాయ్ ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసేవాడు. చిన్నప్పుడు సెలవులొస్తే ఆయన షెడ్డులోనే ఉండేవాణ్ని. బకెట్లో నీళ్లు, అందులో నానుతున్న వాటర్ పేపర్ అనే గరుకు కాగితం, గోడకు ఆనించిన లారీ డోర్లు, థిన్నర్ వాసన. నా పని డోర్లు రుద్దడం. గంట రుద్దాక ఆయన వచ్చి కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి "ఇంకా ఉందిరా" అని వెళ్లిపోయేవాడు. ఏం ఉందో నాకు కనబడేది కాదు.

ఇక విషయానికి వస్తాను. విమానం ఎగిరిన తర్వాత ఏడాదిన్నర రంగు లేకుండానే తిప్పాను. మొదట 40 గంటలు టెస్ట్ ఫ్లయింగ్ చెయ్యమన్నారు, ఆ గంటలన్నీ బోడి రేకుతోనే. హ్యాంగర్‌లో, అదే విమానాల షెడ్డులో, పక్కాయన దాన్ని స్టీలు గిన్నె అనేవాడు. నిజానికి ఆ రేకుకు తొందరేమీ లేదు. విమానం రేకుల మీద స్వచ్ఛమైన అల్యూమినియంతో పల్చటి పొర ఒకటి ఉంటుంది, తుప్పు పట్టకుండా అదే కాపాడుతుంది. సముద్రం పక్కనుంటే వేరే కథ గానీ, మన డల్లాస్ చుట్టుపక్కల హ్యాంగర్‌లో ఉంచితే చాలాకాలం ఉంటుంది. ఇబ్బందల్లా ఫైబర్‌గ్లాస్‌తో. ముందు ఇంజన్ మీద కప్పే కౌలింగ్, రెక్కల చివర్లు, చక్రాల తొడుగులు ఫైబర్‌గ్లాస్‌వి. అవి ఎండకు పాడవుతాయి. వాటికి రంగు తప్పదు.

మూడు షాపులకు ఫోటోలు పంపించాను. మొదటి కొటేషన్ 14,000 డాలర్లు. రెండోది 18,500. మూడో ఆయన నేను గీసిన డిజైన్ చూసి, ఎరుపు ఉంది, రెండు చారలు ఉన్నాయి, మెటాలిక్ కావాలంటున్నావు, 23,000 అన్నాడు. మా ఆవిడ "మన కారు కూడా అంత లేదు కదండీ" అంది. ఆ మాట నిజమే.

నేను డబ్బాల ధరతో లెక్కేశాను. రెండు భాగాలు కలిపి వాడే పాలీయురథేన్, అదే మన షెడ్డుల్లో పీయూ అంటారే, ఆ తెల్ల రంగు కిట్టు గ్యాలన్‌కు నాలుగు వందల డాలర్లు దాటింది. ప్రైమరూ థిన్నరూ టేపులూ ఎంత గీసి గీసి లెక్కేసినా రెండు వేలు దాటలేదు. మిగతా పన్నెండు వేలూ ఎవడి జేబులోకి? దోపిడీ అని తేల్చేశాను. రంగు కొట్టే స్ప్రే గన్ కొన్నాను, కంప్రెసర్ ఉంది, గరాజ్‌లో ప్లాస్టిక్ షీట్లు వేలాడదీసి గుడారం కట్టాను.

రడ్డర్‌తో, అంటే తోక మీద నిలువుగా ఉండి పక్కలకు తిరిగే పలకతో మొదలుపెట్టాను, అన్నిటికంటే చిన్నది కదా అని. రేకును గరుకు ప్యాడ్‌తో రుద్దాలి, యాసిడ్ వాష్‌తో కడగాలి, నీళ్లు పోస్తే ఎక్కడా చుక్కలుగా విడిపోకుండా ఒకే పొరగా పరుచుకోవాలి. అలా పరుచుకుంటే నూనె జిడ్డు పోయిందని అర్థం. తర్వాత ప్రైమర్. అది ఎండాక మళ్లీ రుద్దడం. రుద్దుతుంటే ప్రతి రివెట్ తల చుట్టూ సన్నటి గీత కనబడుతుంది. అక్కడ ఏం దాగి ఉన్నా రంగు బయటపెడుతుంది. రంగు దేన్నీ దాచదు. గోడకు రంగేసి అలవాటైనవాళ్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు, నాకూ ఎక్కలేదు.

తెల్ల రంగు కొట్టాను. పది నిమిషాలు అద్దంలా ఉంది. ఇంట్లోంచి మా ఆవిడను పిలుచుకొచ్చేసరికి మశూచి పోసినట్టు గుంటలు. వీటిని ఫిష్ ఐ అంటారు. సిలికాన్ ఎక్కడో తగిలితే రంగు అక్కడ నిలవకుండా పక్కకు జరిగిపోతుంది. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తేలింది. అంతకు ముందు వారం గరాజ్ తలుపు కిర్రుమంటోందని నేనే సిలికాన్ స్ప్రే కొట్టాను. అది గాల్లో తేలి రడ్డర్ మీదా పడింది. మొత్తం గీకి మళ్లీ మొదటికొచ్చాను. రెండోసారి గుంటలు రాలేదు, రంగు కారింది. మూడోసారి బాగా వచ్చిందిగానీ, ఒక్క రడ్డర్‌కే ఆరు వందల డాలర్ల సామాను, నాలుగు వారాంతాలు పోయాయి. రెక్కలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఇంకో విషయం. ఇది నవ్వుతూ చెప్పేది కాదు. పీయూను గట్టిపరిచే రెండో భాగం, అదే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోతే ఇక జన్మలో పడదు. ఆ తర్వాత కాస్త తగిలినా ఆస్తమా వస్తుంది. వాసన చూసి తప్పుకుందామంటే వాసన తెలిసేలోపే హాని జరిగిపోతుంది. అందుకే బయటినుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు పెట్టుకోవాలి, ఒళ్లంతా కప్పే సూటు వేసుకోవాలి. మా బాబాయ్ మూతికి తువ్వాలు కట్టుకునేవాడు. మొదట్లో ఎన్‌సీ పెయింట్ అనే పాతరకం నైట్రోసెల్యులోజ్ రంగు, తర్వాత పీయూ వచ్చింది, తువ్వాలు మాత్రం మారలేదు. యాభై దాటేసరికి గన్ పట్టుకోవడం మానేశాడు. ఫోన్లో ఇప్పటికీ నాలుగు మాటలకోసారి దగ్గుతాడు. నా మాస్కు సెట్టు ఖరీదు చెబితే "అంత పెట్టి గాలి కొన్నావా" అన్నాడు.

అప్పుడు మళ్లీ 14,000 అన్న షాపుకెళ్లి, కొటేషన్ కాగితం పక్కనబెట్టి, పని చూశాను. గాలిని పైనుంచి కిందికి లాగే బూత్. దాని ఫిల్టర్లు తరచూ మార్చాలి. వాడిన థిన్నర్‌ను కాలవలో పారబోయకూడదు, ప్రమాదకర వ్యర్థం కింద డబ్బు కట్టి పంపాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇద్దరు కుర్రాళ్లు ఒక రెక్క ముందు కూర్చుని మూడు రోజులుగా రుద్దుతూనే ఉన్నారు. గన్ పట్టుకున్నాయన పని ఆ రోజు మొత్తం మీద రెండు గంటలు. షాపాయన అన్నాడు, మొత్తం రెండు వందల గంటలు పడుతుంది, అందులో రంగు కొట్టేది పదిహేనో ఇరవయ్యో అని. నేను దోపిడీ అన్నది ఆ కుర్రాళ్ల భుజాల నొప్పినన్నమాట.

కానోపీ, అంటే తలమీది అద్దంలాంటి గోపురం, అక్రిలిక్‌ది. దానికి థిన్నర్ తగిలితే లోపల వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. మాస్కింగ్ టేపు అంచున ఒక్క చోట సందున్నా చాలు. దాన్ని చుట్టడానికే ఒకాయనకు పూట పట్టింది.

టేపు అంటే గుర్తొచ్చింది. విమానం పక్కన చిన్న చిన్న రంధ్రాలుంటాయి, స్టాటిక్ పోర్టులంటారు. ఎత్తూ వేగమూ కొలిచే మీటర్లకు బయటి గాలి పీడనం అందేది వాటిలోంచే. రంగో పాలిషో చేసేటప్పుడు వాటికి టేపు వేస్తారు. 1996 అక్టోబరులో పెరూ దేశంలో లీమా నుంచి బయల్దేరిన ఏరోపెరూ 603 అనే బోయింగ్ 757కు కడిగి పాలిష్ చేసినప్పుడు వేసిన టేపు తియ్యడం మరిచిపోయారు. అర్ధరాత్రి, సముద్రం మీద, పైలట్లకు ఎత్తెంతో తెలియలేదు. 70 మందీ పోయారు. నేను నా విమానం తెచ్చుకునే రోజు ఆ రంధ్రాల్ని టార్చి వేసి చూశాను, వేలితో తడిమాను, మళ్లీ వెనక్కొచ్చి చూశాను.

చివరికి బేరం ఇలా కుదిరింది. రుద్దుడు పని, పుట్టీ పని, విప్పదీసే పని నాది. ప్రైమరు, రంగు వాళ్లది. మెటాలిక్ మానేశాను. ఎరుపు ఒక్క చారకు తగ్గించాను. మంచి ఎరుపు పిగ్మెంట్ ఖరీదెక్కువ, పైగా తెలుపులా ఒకటి రెండు పూతలకే కింద ఉన్నదాన్ని కప్పదు. షాపుకు 8,200 ఇచ్చాను. నేను రాసుకున్న లెక్క ప్రకారం నా గంటలు 140. గంటకు ఎంత మిగిలిందో మీరే భాగించుకోండి, నేను ఉద్యోగంలో ఇంతకన్నా ఎక్కువే సంపాదిస్తాను.

డాలర్లతో అయిపోలేదు. రంగుకు బరువుంటుంది. స్పేస్ షటిల్ కింద నారింజ రంగు పెద్ద ట్యాంకు ఉండేది కదా, 1981లో మొదటి రెండుసార్లు ఎగిరినప్పుడు అది తెల్లగా ఉండేది. తర్వాత తెల్ల రంగు మానేసి సుమారు 600 పౌండ్లు మిగుల్చుకున్నారు. మీరు ఫోటోల్లో చూసే నారింజ రంగు అసలు రంగే కాదు, పైన అంటించిన ఇన్సులేషన్ నురగ. నా విమానాన్ని రంగుకు ముందు తూస్తే 1,064 పౌండ్లు, తర్వాత 1,083. పంతొమ్మిది పౌండ్లు. పెట్రోల్ గ్యాలన్‌కు ఆరు పౌండ్లు వేసుకుంటే మూడు గ్యాలన్ల పైచిలుకు, నా ఇంజన్‌కు దాదాపు ఇరవై నాలుగు నిమిషాల ప్రయాణం. ట్యాంకులు నింపి ఇద్దరం ఎక్కితే మా ఆవిడ సూట్‌కేసులోంచి పంతొమ్మిది పౌండ్లు తియ్యాలి. ఏం తియ్యాలో మేమింకా చర్చిస్తున్నాం.

ఆ పంతొమ్మిదిలో కొన్ని ఔన్సులు వెనక ఎలివేటర్ల మీద, అంటే విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకల మీద పడ్డాయి. ఎలివేటర్ తలుపులా కీలు మీద తిరుగుతుంది. కీలుకు ముందున్న సీసం, వెనకున్న రేకు తూగాలి. వెనక రంగు బరువు చేరి తూకం తప్పితే, వేగంలో అది జెండాలా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఫ్లటర్ అంటారు. మొదలైతే తోక ఊడిరావడానికి క్షణాలు చాలు. ఇది ముందే తెలిసి సీసం కాస్త ఎక్కువే ఉంచాను, రంగయ్యాక కొంచెం కొంచెం చెక్కి తూకానికి తెచ్చాను. ఈ పని ఏ షాపు కొటేషన్‌లోనూ లేదు, అది కట్టినవాడి బాధ్యత.

అక్షరాల సంగతి చెప్పి ముగిస్తాను. రిజిస్ట్రేషన్ నంబరు మామూలుగా 12 అంగుళాల ఎత్తు ఉండాలి. మనం చేత్తో కట్టుకున్న విమానం గరిష్ఠ క్రూజ్ వేగం, అంటే నిలకడగా ఎగిరే వేగం, 180 నాట్లు (గంటకు సుమారు 333 కిలోమీటర్లు) మించకపోతే 3 అంగుళాలు చాలు. నాది మించదు, చిన్నవే వేయించాను, అక్కడ కొంత మిగిలింది. ఎక్కే చోట మాత్రం 'ఎక్స్‌పెరిమెంటల్' అని కనీసం 2 అంగుళాల అక్షరాలు ఉండాల్సిందే. మా అత్తగారు ఆ మాట చదివి కాలు వెనక్కి తీసుకున్నారు. ఇప్పటివరకూ ఎక్కలేదు.

రంగయ్యాక బాబాయ్‌కి వీడియో కాల్ చేశాను. రెక్కలు చూపించాను, తోక చూపించాను, ఎర్ర చార చూపించాను. ఊఁ కొడుతున్నాడు. "కడుపు చూపించరా" అన్నాడు. ఫోన్ పట్టుకుని కిందికి దూరాను. అప్పటికి పది గంటలు ఎగిరింది, ఎగ్జాస్ట్ మసి కౌలింగ్ అడుగున పట్టి ఉంది. తుడిచానుగానీ మసి పూర్తిగా పోలేదు. సన్నటి గీతల్లో ఇరుక్కుని నల్లటి చారల్లా కనబడుతోంది.

"ముతక ఎనభై నంబరు పేపర్‌తో రుద్ది మధ్యది వెయ్యకుండా నున్నటి మూడొందల ఇరవైకి దూకారు" అన్నాడు. "ఆ షాపువాడికి చెప్పు."

ఆ అడుగు భాగం నేను వెల్లకిలా పడుకుని, రాత్రి పదకొండింటికి, చేతులు లేవక రుద్దింది. షాపువాడికి చెబుతానని బాబాయ్‌తో అన్నాను.