449 రూపాయల విండోస్ కీ కొన్నా, రెండున్నర నెలల తర్వాత నా రివ్యూ

హాయ్ అండి, గుంటూరు నుంచి మళ్ళీ వచ్చేశా. ఇవాళ రివ్యూలో మొబైల్ లేదు, ల్యాప్‌టాప్ లేదు, అన్‌బాక్సింగ్ అసలే లేదు, ఎందుకంటే ఈ వస్తువుకి బాక్సే ఉండదు. ఇదిగో స్క్రీన్ మీద చూపిస్తున్నా, సగం బ్లర్ చేశాలే. విండోస్‌ని యాక్టివేట్ చేసే ప్రొడక్ట్ కీ, 25 అక్షరాలు, ఐదేసి చొప్పున ఐదు ముక్కలు, దీనికి 449 రూపాయలు. విండోస్ 10 ప్రో, లైఫ్‌టైమ్, హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్ అని రాసుకున్నాడు. ఆన్‌లైన్లో కొన్నా, డబ్బులు నావే, స్పాన్సర్ ఎవరూ లేరు, ఈ వీడియో అయ్యాక వస్తారని కూడా అనుకోవట్లా.

ఎందుకు కొన్నానంటే, బ్రాడీపేటలో మా పక్కింటి బాబాయి గారు ఉన్నారు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన డెస్క్‌టాప్‌లో కుడి వైపు కింద 'యాక్టివేట్ విండోస్' అని లేత అక్షరాలు ఎప్పుడూ కనపడతానే ఉంటాయి. "ఒరేయ్ అబ్బాయ్, వీడెవడో నన్ను పొద్దస్తమానం బాకీ అడుగుతున్నాడ్రా, అదేదో తీర్చెయ్" అన్నారు. సరేనని మైక్రోసాఫ్ట్ సైట్లో చూస్తే రేటు వేలల్లో ఉంది, ఇక్కడేమో 449. మీరైతే ఏది నొక్కుతారు?

పది నిమిషాల్లో మెయిల్ వచ్చింది, అక్కడిదాకా బానే ఉంది. కీ కొడితే మాత్రం డైరెక్టుగా తీసుకోలా. ఫోన్ యాక్టివేషన్ చెయ్యాలన్నాడు. అంటే స్క్రీన్ మీద 63 అంకెల ఇన్‌స్టలేషన్ ఐడీ వస్తది, దాన్ని ఫొటో తీసి వాడికి వాట్సాప్ చేస్తే, వాడు 48 అంకెల కన్ఫర్మేషన్ ఐడీ పంపుతాడు, అది మనం ఎక్కించాలి. బాబాయి గారు కళ్ళజోడు సర్దుకుని ఎక్కాలు చెప్పినట్టు 48 అంకెలూ చదివారు, నేను కొట్టా, యాక్టివేటెడ్ అని వచ్చేసింది. ఆ రోజే వీడియో తీసుంటే పదికి తొమ్మిది ఇచ్చేవాణ్ణి, నిజం చెప్తున్నా.

కానీ నాకు ఆ ఫోటోల తతంగం ఎక్కడో తేడా కొట్టింది. అందుకని ఒక కమాండ్ కొట్టి చూశా, మీరు కూడా ఇప్పుడే చూసుకోండి. స్టార్ట్‌లో సీఎండీ అని కొడితే నల్ల విండో వస్తది కదా, అందులో ఎస్ఎల్ఎంజీఆర్, స్పేస్, స్లాష్, డీఎల్ఐ, ఎంటర్. చిన్న బాక్స్ ఒకటి వస్తది, కాస్త లేటుగా వస్తది, కంగారుపడి నాలుగుసార్లు కొట్టారంటే నాలుగు బాక్సులొస్తాయి. అందులో డిస్క్రిప్షన్ లైన్ చివర చూడండి. రిటైల్ అని ఉంటే విడిగా అమ్మే లైసెన్సు, రేపు సిస్టమ్ మార్చినా పట్టుకుపోవచ్చు. ఓఈఎం అని ఉంటే కంపెనీ వాడు సిస్టమ్‌తో పాటు ఇచ్చింది, ఆ మదర్‌బోర్డుతోనే దాని బతుకు. కేఎంఎస్ క్లయింట్ అని ఉందనుకోండి, అది పెద్ద ఆఫీసుల్లో వాళ్ళ సొంత సర్వర్ దగ్గర 180 రోజుల గడువుతో రెన్యూ అవుతా ఉండే రకం, ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్ అయితే సరే, సొంతంగా కొనుక్కున్న సిస్టమ్‌లో అది కనపడిందంటే షాపు వాడు యాక్టివేటర్, అంటే లైసెన్సు లేకుండా దొంగదారిలో యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్, వేసి పంపాడని లెక్క.

మాకు వచ్చింది వాల్యూమ్ మ్యాక్, యాపిల్ మ్యాక్ కాదులెండి, ఎంఏకే, మల్టిపుల్ యాక్టివేషన్ కీ. ఇది కూడా కంపెనీలకిచ్చేదే, ఒకే కీతో ఇన్ని మెషీన్లు అని ముందే లెక్క ఉంటది. అలాంటి కీ ఎక్కడి నుంచో బయటికొచ్చి, 449 చొప్పున ఊరందరికీ పంచుతున్నాడన్నమాట. అంటే ఎవరి పెళ్ళో మనకి తెలీదు, పిలవని పేరంటానికెళ్ళి బంతిలో కూర్చున్నాం, వడ్డించినంతసేపు వడ్డిస్తారు, ఎవరో ఒకరు వచ్చి మీరెవరి తరఫండీ అని అడిగేదాకా. కీ నిజమైందే, లైసెన్సు మాత్రం మనది కాదు. ఈ రెండూ వేరే వేరే అని నాక్కూడా ఇంత గట్టిగా ఎప్పుడూ తట్టలా.

రెండున్నర నెలలకి అడిగారు. పొద్దున్నే బాబాయి గారు ప్రహరీ గోడ మీద నుంచి "బాకీ వాడు మళ్ళీ వచ్చాడ్రా" అని కేకేశారు. చూస్తే కీ బ్లాక్ అయింది అని ఎర్రర్. సెల్లర్‌కి మెసేజ్ పెడితే రెండు రోజులు పలకలా, మూడో రోజు పలికి, ఎనీడెస్క్ వేసి నంబర్ చెప్పండి సార్ నేనే సెట్ చేస్తా అన్నాడు, అది దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపే యాప్. ఇక్కడ మాత్రం ఆగండి. బాబాయి గారు పెన్షన్ అకౌంట్ ఆ కంప్యూటర్లోనే చూసుకుంటారు, బ్రౌజర్లో పాస్‌వర్డ్ సేవ్ చేసి ఉంది, ముఖం తెలియని వాడికి స్క్రీన్ ఇవ్వటమంటే బీరువా తాళాలిచ్చి కాఫీ పెట్టటానికి లోపలికెళ్ళినట్టే. ఇవ్వలా. ఎవరన్నా ఇప్పటికే ఇచ్చేసి డబ్బులు పోయుంటే మాత్రం ఆలోచిస్తా కూర్చోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి, ఎంత తొందరగా కొడితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

సరే, ఇక కీ సంగతి వదిలేసి అసలు ఈ సిస్టమ్ కథేంటో చూద్దామని కూర్చున్నా. ఏడాది కిందట పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయించారంట, అప్పుడు షాపులో కుర్రాడు కొత్తగా విండోస్ ఎక్కించాడు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అక్కడ మేనేజ్ సెట్టింగ్స్, బాగా కిందకొస్తే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటది, తెరిచి చూస్తే సీ డ్రైవ్ మొత్తం అందులో ఉంది! అంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కి ఈ ఇంట్లో ఏం జరిగినా నువ్వు చూడొద్దు అని చెప్పి పెట్టాడు, ఏదో యాక్టివేటర్ ట్రై చేసి ఉంటాడు, అది పనిచెయ్యలా, ఇది మాత్రం మిగిలిపోయింది. పైగా అప్‌డేట్ సర్వీసు ఆపేసి ఉంది.

అప్‌డేట్లు ఆపితే ఏమవుద్దిలే అంటారు కదా, 2017 మే నెల గుర్తుందా, వన్నాక్రై? ఫైళ్ళన్నీ లాక్ చేసి 300 డాలర్లు బిట్‌కాయిన్లో కట్టమన్నది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. అది దూరిన కంతని పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది, రెండు నెలల ముందు. వేసుకోని వాళ్ళే ఎక్కువగా దొరికారు. డబ్బులు పెట్టి యాంటీవైరస్ కొనాలా అని బాబాయి గారు అడిగారు, అక్కర్లేదన్నా, డిఫెండర్ని కట్టేయకుండా వదిలేసి అప్‌డేట్లు రానిస్తే ఇంటి వాడకానికి చాలు, నా అభిప్రాయం అంతే.

ఇప్పుడసలు కథ. బాబాయి గారు 1980ల నుంచి కరెంటు బిల్లులతో సహా అన్నీ ఫైల్లో పెట్టే మనిషి. కంప్యూటర్ బిల్లు ఉందా అంటే తీశారు, 2017ది. అందులో స్పష్టంగా ఉంది, విండోస్ 10 హోమ్‌తో సహా అమ్మినట్టు! అలా బ్రాండెడ్ సిస్టమ్‌తో వచ్చిన కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటది, ఎస్ఎస్‌డీ మార్చినా అది ఎక్కడికీ పోదు. ఆ కుర్రాడు వాడి పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రో ఎక్కించాడు, ఉన్నదేమో హోమ్ లైసెన్సు, ఇంకెక్కడ కలుస్తాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకటం అంటే ఇదే, మేం 449 ఇచ్చి మరీ వెతికాం.

ఫొటోలన్నీ ముందు బయట హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశా, ప్రో నుంచి హోమ్‌కి దిగాలంటే మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాల్సిందే, వేరే దారి లేదు. మైక్రోసాఫ్ట్ సైట్లో మీడియా క్రియేషన్ టూల్ ఉంటది, ఫ్రీ, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఎక్కించి నెట్ తగిలించా, కీ అడగనే లేదు, దానంతటదే యాక్టివేట్ అయి కూర్చుంది. విండోస్ 11కి ఇది పనికిరాదు, ఇంటెల్ ఏడో జనరేషన్, వాళ్ళకి ఎనిమిది నుంచి కావాలి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కానీ, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగినై సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఉచితంగానే వస్తాయి, అందులో పెట్టేశా.

అయిపోయింది లేద్దాం అనుకుంటే, ప్రింటర్ కనపడట్లేదురా అన్నారు. ఫోన్ నుంచి ప్రింట్ వస్తది, కంప్యూటర్ నుంచి రాదు. చూస్తే ఇంట్లో రెండు రౌటర్లు, హాల్లో కేబుల్ వాళ్ళది, బెడ్‌రూంలో ఈయన కొన్నది. మన గుంటూరు వాళ్ళకి ఇది చెప్పటం తేలిక. బ్రాడీపేటలోనూ 4/1 ఉంటది, అరండల్‌పేటలోనూ 4/1 ఉంటది, నాలుగో లైను ఒకటో అడ్డరోడ్డు, పేట పేరు చెప్పకపోతే ఆటో ఎటు పోవాలి? అలాగే ప్రింటర్ 192.168.1 పేటలో ఉంది, కంప్యూటర్ 192.168.0 పేటలో ఉంది, ఇది తన పేటలోనే కేకేసి వెతుకుతది, అవతల పేటకి వినపడదు. రెండో రౌటర్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే సొంత పేట పెట్టకుండా మొదటిదాని నెట్‌నే పంచేలా పెడితే ఇల్లంతా ఒకే పేట అయింది, టెస్ట్ పేజీ బయటికొచ్చింది. పనిలో పనిగా అడ్మిన్ అడ్మిన్ అని ఉన్న రౌటర్ పాస్‌వర్డ్ మార్చి, పాస్‌వర్డ్ లేకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫై కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేశా.

మార్కులు. కీకి సున్నా ఇద్దామనుకున్నా గానీ, లెక్కలాయన ఊరుకోలా, "రెండున్నర నెలలు పనిచేసింది కదరా, స్టెప్ మార్కులెయ్యి" అన్నారు. పదికి ఒకటి. రిఫండ్ రాలేదు. ఆ సెల్లర్ ఇవాళ పొద్దున మళ్ళీ మెసేజ్ పెట్టాడు, ఆఫీస్ కీ ఉంది సార్, మీకైతే 299కే ఇస్తా అని. బాబాయి గారి దాంట్లో ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ వేసేశానని రిప్లై ఇచ్చా, బ్లూ టిక్‌లు పడ్డాయి.