తుఫాను వస్తోందన్నా ఇల్లు కదలనివాళ్లు

శ్రోతలకు నమస్కారం.

అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందని వార్త వస్తుంది. తీరగ్రామాల్లో ఆటోకు మైకు కట్టి హెచ్చరిక చెబుతారు. బస్సులు, ట్రాక్టర్లు వచ్చి ఊరి మొదట్లో ఆగుతాయి. చాలామంది మూటలు సర్దుకుని ఎక్కుతారు. కొందరు మాత్రం గడప దాటరు. వీఆర్వో వచ్చి బతిమాలతాడు, పోలీసులు వచ్చి గద్దిస్తారు, జాతీయ విపత్తు స్పందన దళం, అదే ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు వచ్చి దండం పెడతారు. "మీరు వెళ్లండి బాబూ, మాకేం కాదు. చావైనా బతుకైనా ఇక్కడే" అంటారు.

టీవీలో అది చూసి "చెబితే వినరు, మూర్ఖులు" అనేయడం సులువు. ఆ మాట అనడానికి నాకు మనసు రాదు. కదలని ప్రతి మనిషి వెనకా ఒక కారణం ఉంటుంది. దాన్ని అడిగి తెలుసుకోకుండా ఎన్ని బస్సులు పంపినా కొన్ని ఖాళీగానే తిరిగొస్తాయి. ఇవాళ ఆ కారణాల గురించి మాట్లాడదామనుకుంటున్నాను.

అన్నిటికంటే గట్టి కారణం అనుభవం. "ఎన్ని తుఫాన్లు చూడలేదు! పోయినసారి కూడా ఇలాగే తరలించారు, ఏమయింది? నాలుగు చినుకులు పడ్డాయి" అంటారు. ఇది అబద్ధం కాదు. పోయినసారి వాళ్ల ఊళ్లో నిజంగానే ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పలేదు, అంతే.

మన తూర్పు తీరానికి వచ్చే తుఫానులో గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. అందువల్ల తుఫాను కేంద్రం తీరం దాటే చోటుకు ఉత్తరాన ఉన్న ఊళ్లలో గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. వస్తూ వస్తూ నీటిని ముందుకు తోసుకొస్తుంది. అదే ఉప్పెన. దక్షిణాన ఉన్న ఊళ్లలో గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి అక్కడ నీరు వెనక్కి పోతుంది. రెండూ ఒకే తుఫాను కిందివే, మధ్య దూరం పాతిక ముప్పై మైళ్లే కావచ్చు. ఒక ఊరు మునుగుతుంది, ఇంకో ఊరు "ఏమీ కాలేదే" అనుకుంటుంది. తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో రెండు రోజుల ముందు ఇంత ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. అందుకే రెండు ఊళ్లనూ ఖాళీ చేయిస్తారు. రెండో ఊరి వాళ్లు వచ్చే ఏడాది కదలరు. కానీ వచ్చే ఏడాది తుఫాను వాళ్లకు దక్షిణాన తీరం దాటవచ్చు.

1977 నవంబరు 19న జరిగింది ఇదే. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. సముద్రం విరుచుకుపడింది మాత్రం దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమ మీద. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో తాటిచెట్టు ఎత్తున నీళ్లు వచ్చాయని బతికి బయటపడ్డవాళ్లు చెప్పేవారు. అధికారిక లెక్కల్లోనే మృతులు పదివేలకు పైగా ఉన్నారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి పేర్లు ఇప్పటికీ ఆ ప్రాంతంలో నిట్టూర్పుతో పలికేవాళ్లున్నారు.

దివిసీమ వాళ్లకు గాలి తెలుసు. పాక ఎగిరిపోవడం, కొబ్బరిచెట్టు పడిపోవడం తెలుసు. నీళ్లే తెలియవు. అంత ఉప్పెన ఆ తీరానికి అంతకు ముందు ఒకసారి వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మునిగి సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. ఆ రెంటికీ మధ్య 113 ఏళ్లు. అంటే 1977లో ఇంట్లో అందరికంటే పెద్దాయన కూడా దాన్ని చూసినవాడు కాదు. "మా తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నాం, ఎప్పుడూ నీళ్లు రాలేదు" అన్న మాటను అందుకే నేను తీసిపారేయను. అది నిజమే అయినా మనిషిని కాపాడదు. గాలికి నిలిచిన డాబా నీటికీ నిలుస్తుందనుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం. తీరంలో తుఫాన్లు తీసిన ప్రాణాల్లో చాలా భాగం తీసింది నీరే.

ఇక రెండో కారణం గొడ్లు. దీన్ని అధికారులు చిన్నదిగా చూస్తారు, నాకది చాలా పెద్దది. చూలుతో ఉన్న గేదెను వదిలి రావాలంటే ఆ ఇంటావిడకు ఎలా ఉంటుంది? ఆ పాల మీదే పిల్లల ఫీజులు, డ్వాక్రా వాయిదాలు నడుస్తున్నాయి. మనిషికి బస్సు పంపి, గేదె సంగతి అడగకపోతే ఆమె రాదు. ఈ సంగతిని మనకంటే ముందు పట్టించుకున్నది బంగ్లాదేశ్. అక్కడి తీరంలో గొడ్ల కోసం ఎత్తయిన మట్టి దిబ్బలు పోశారు, వాటిని కిల్లాలు అంటారు. ఉప్పెన వచ్చినప్పుడు గొడ్లను తోలుకెళ్లి అక్కడ పెడతారు. తర్వాత కట్టిన షెల్టర్లు కొన్నింటిలో పశువులకూ చోటు ఉంచారు. పశువు పదిలంగా ఉందని తెలిస్తే మనిషి కాలు కదులుతుంది. అమెరికాలో 2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు కూడా కుక్కనో పిల్లినో వదల్లేక న్యూ ఆర్లీన్స్‌లో ఆగిపోయిన వాళ్లు చాలామంది ఉన్నారు. మరుసటి ఏడాదే అక్కడ తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులనూ చేర్చాలని చట్టం చేశారు. అంత డబ్బున్న దేశం అంతమందిని పోగొట్టుకున్నాక నేర్చుకున్న పాఠం అది.

ఆడవాళ్ల కారణాలు వేరు, వాటిని పైకి చెప్పరు. 1991లో బంగ్లాదేశ్ తుఫానులో సుమారు లక్షా ముప్పై ఎనిమిది వేల మంది చనిపోతే, వారిలో మగవాళ్లకంటే ఆడవాళ్లే చాలా ఎక్కువ. భర్త ఇంటికి రాకుండా ఎలా వెళ్లాలని ఆగినవాళ్లు, పరాయి మగవాళ్ల మధ్య ఒక్క గదిలో ఎలా ఉండాలని ఆగినవాళ్లు అందులో ఉన్నారు. ఆ తర్వాత అక్కడ షెల్టర్లలో ఆడవాళ్లకు విడి గదులు పెట్టారు, ఇంటింటికీ వెళ్లి పిలవడానికి మహిళా వాలంటీర్లను తయారుచేశారు. మన దగ్గర పునరావాస కేంద్రమంటే చాలా చోట్ల ఊరి హైస్కూలే. రెండు వందల మందికి రెండు బాత్‌రూమ్‌లు, వాటిలో ఒకదానికి గడియ ఉండదు. నెలసరిలో ఉన్న అమ్మాయి, బాలింతరాలు అక్కడ ఒక రాత్రి ఎలా గడపాలి? పులిహోర పొట్లాలు ఎన్ని పంచామన్నది లెక్క రాస్తారు. బాత్‌రూమ్ తలుపుకు గడియ ఉందో లేదో కూడా అదే కాగితంలో రాయాలి. షెల్టరుకు ఒకసారి వెళ్లి ఇబ్బందిపడి వచ్చిన ఇల్లాలు రెండోసారి రాదు, పక్కింటావిణ్ణీ రానివ్వదు.

ఇంటికి తాళం వేసి వెళితే దొంగలు పడతారన్న భయం ఉంటుంది. ఊరు ఖాళీ అయ్యాక కూడలిలో ఇద్దరు పోలీసులను నిలబెడితే ఆ భయం సగం తీరుతుంది. అప్పు చేసి కొన్న పడవ, వల ఒడ్డున ఉంటాయి. వాటిని తోటలోకి లాగించి కట్టించడానికి ఒక రోజు ముందే ట్రాక్టరు ఇస్తే జాలరి తనే బస్సెక్కుతాడు. రొయ్యల చెరువు గట్టు మీద గుడిసెలో ఉండే కాపలా మనిషి గురించి చాలామంది ఆలోచించరు. అతనిది మొండితనం కాదు. యజమాని వెళ్లమనలేదు, వెళితే కూలి పోతుంది. అతణ్ణి బతిమాలి లాభం లేదు. ఫోన్ చేయాల్సింది యజమానికి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మంచానపడ్డ పెద్దవాళ్ల సంగతి. పక్షవాతం వచ్చిన మామగారిని ఎవరు మోస్తారు? షెల్టరు మెట్ల మీదుగా ఎలా ఎక్కిస్తారు? రాత్రి పక్క తడిస్తే ఎలా? అందరి ముందూ ఆ అవస్థ ఎందుకని ఆయనే అంటాడు, "మీరు పొండి, నేను ఉంటాను" అని. ఆయన ఉంటే కొడుకు ఉంటాడు. కొడుకు ఉంటే కోడలు ఉంటుంది, ఆమెను పట్టుకుని పిల్లలు ఉంటారు. ఒక్క మనిషి ఆగితే ఇంటిల్లిపాదీ ఆగుతారు.

ఎవరి ఇష్టం వారిది, బలవంతం ఎందుకు అనేవాళ్లకు నా జవాబు ఇక్కడే ఉంది. 1980లో అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలబోతోందని అందరినీ ఖాళీ చేయిస్తే, హ్యారీ ట్రూమన్ అనే ఎనభై మూడేళ్ల పెద్దాయన తన లాడ్జి వదలనన్నాడు. భార్య పోయింది, యాభై ఏళ్లుగా ఉన్న చోటు అది. మే 18న కొండ పేలింది, ఆయన దాని కిందే ఉండిపోయాడు. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టలేను. ఆయన ఒంటరి. మన ఊళ్లలో అలాంటి ఒంటరి నిర్ణయాలు తక్కువ. పెద్దాయన మాటకు పిల్లల ప్రాణాలు ముడిపడి ఉంటాయి, అర్ధరాత్రి వాళ్ల కోసం పడవలో వచ్చే జవాను ప్రాణమూ ముడిపడి ఉంటుంది. పిల్లలున్న ఇంటిని బలవంతంగానైనా ఖాళీ చేయించాల్సిందే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో, సరైన కారణం లేకుండా అధికారుల ఆదేశాన్ని కాదంటే ఏడాది దాకా జైలు శిక్ష ఉంది. కానీ ఒక్కటి గమనించండి. చట్టమే సరైన కారణం ఉంటే వేరు అంటోంది. ఎత్తుకెళ్లే దిక్కులేని ముసలితండ్రిని మించిన కారణం ఏముంటుంది? ఆ ఇంటికి ముందు పంపాల్సింది స్ట్రెచరు, మోయడానికి నలుగురు మనుషులు.

ఇది జరిగే పని కాదు అనుకోకండి. పక్కనే ఒడిశా ఉంది. 1999 అక్టోబరు 29న వచ్చిన సూపర్ సైక్లోన్‌లో అక్కడ పదివేల మంది దాకా చనిపోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అదీ చిన్నది కాదు. సరిగ్గా దసరా రోజులు, సిబ్బందికి సెలవులు రద్దు చేశారు, దాదాపు పది లక్షల మందిని తరలించారు. మృతులు పదుల్లోనే ఉన్నారు. మధ్యలో పద్నాలుగేళ్లు వాళ్లు షెల్టర్లు కట్టారు, గ్రామాల్లో జట్లు పెట్టారు, ఎండాకాలంలో కూడా రిహార్సల్స్ చేయించారు. మైకులో వచ్చే గొంతును కాదనవచ్చు. గుమ్మంలో నిలబడ్డ మన వీధి కుర్రాణ్ణి కాదనడం కష్టం. "పెద్దమ్మా, నిన్ను నేను ఎత్తుకుంటాను, గేదెను మా తమ్ముడు తోలుకొస్తాడు" అంటే ఆవిడ లేచి మందుల సంచీ వెతుక్కుంటుంది.

పట్నంలో ఉన్నవాళ్లు ఇది మనకు కాదనుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు చాలామందికి నీళ్లు వాకిట్లోకి వచ్చాకే సంగతి తెలిసింది. తర్వాత పడవలు వచ్చినా, పై అంతస్తులో ఉన్నాం కదా అని ఆగినవాళ్లున్నారు. తాగునీళ్లు లేక, కరెంటు లేక, పసివాళ్లకు పాలు లేక రోజుల తరబడి అవస్థ పడ్డారు.

తీరంలో ఉన్న శ్రోతలకు ఇప్పుడు నాలుగు మాటలు చెబుతాను. ఇంట్లో ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో ఎండ కాస్తున్న రోజే మాట్లాడుకోండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, మందుల చీటీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. వాతావరణ శాఖ ఇచ్చే తుఫాను హెచ్చరిక సాధారణంగా తీరం దాటడానికి ఒక రోజు ముందే వస్తుంది. ఆ పగలే బయలుదేరండి. గాలి మొదలయ్యాక చెట్లు పడి రోడ్డు మూసుకుపోతుంది, అప్పుడు వస్తామన్నా తీసుకురాగలిగేవాళ్లు ఉండరు. గొడ్లను మిట్టకు తోలలేకపోతే కనీసం పలుపు విప్పి వదలండి. కట్టేసి ఉంటే అవి ఈదలేవు.

షెల్టరుకు చేరాక ఒక జాగ్రత్త. హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఆకాశం తేటపడితే తుఫాను వెళ్లిపోయిందనుకుని ఇల్లు చూసుకోవడానికి పరుగెత్తకండి. అది తుఫాను కన్ను మీ మీదుగా పోతున్న సమయం కావచ్చు. కాసేపట్లో అవతలి దిక్కు నుంచి గాలి మళ్లీ అంతే బలంగా వస్తుంది. రేడియో దగ్గరే ఉంచుకోండి. తుఫాను పూర్తిగా తీరం దాటిందని, తిరిగి వెళ్లవచ్చని అధికారులు చెప్పాకే బయలుదేరండి.

నమస్కారం.