జాబితాలో పేరు లేనివారు

శ్రోతలకు నమస్కారం.

మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న కరువు 1876లో మొదలైంది. ధాత నామ సంవత్సరంలో వానలు ముఖం చాటేశాయి. ఆ వెంటనే వచ్చిన ఈశ్వర నామ సంవత్సరంలోనూ జనం తేరుకోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లాలకు జిల్లాలు ఎండిపోయాయి. ఆకలి వెనకే కలరా వచ్చింది. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇళ్లలో గింజలు ముందుగా అయిపోయాయి. పంట పండితే కళ్లంలో మేర, అంటే పని చేసినవాళ్ల గింజల వాటా, కొలిచేవారు. పొలమే ఎండితే మాదిగపల్లెకు, మాలపల్లెకు మేర ఎక్కడి నుంచి వస్తుంది?

ఒంగోలులో అప్పటికి ఒక చిన్న బాప్టిస్టు సంఘం ఉండేది. 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైన సంఘం అది. అంతకు ముందు ఏడాదే తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు క్రైస్తవం స్వీకరించి, తన వాళ్ల మధ్య తిరుగుతూ ఆ మాట చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన రాజయోగ సాధన చేసినవాడు, పల్లెల్లో నలుగురూ గౌరవించే మనిషి. సంఘాన్ని నడిపిన అమెరికా మిషనరీ పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఆయన మత బోధలోకి రాకముందు తన దేశంలో భూములు సర్వే చేసే పని చేశారు. ఆ పాత విద్య కరువులో అక్కరకొచ్చింది.

కరువు పనుల కింద ప్రభుత్వం తీరం వెంబడి బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అప్పటి మద్రాసు గవర్నరు పేరే ఆ కాలువకు పెట్టారు. అందులో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ స్వయంగా కాంట్రాక్టు తీసుకున్నారు. తన సంఘం బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆకలితో వచ్చిన మనిషికి కూలి ఇస్తే సరిపోదా, మేస్త్రీ ఎవరైతే ఏమిటి అనిపించవచ్చు. కానీ ఊరు కాని ఊళ్లో, తెలియని పెత్తనం కింద, కులం పేరుతో కసురుకునే మనుషుల మధ్య పని చేయలేక, ఆకలితోనే తిరుగుముఖం పట్టినవాళ్లు ఆ రోజుల్లో ఉన్నారు. తమ పల్లెలు తెలిసినవాడు, తమ భాషలో పేరు పెట్టి పిలిచేవాడు మేస్త్రీగా ఉన్నచోట వాళ్లు నిలబడగలిగారు. పని ముగిశాక సాయంత్రం ఆ బోధకులే వాళ్ల మధ్య కూర్చుని మాట్లాడేవారు.

సహజంగానే చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలల పాటు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం మతంలో చేరారన్న మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. కరువు సాయం అయిపోయాక కూడా జనం వచ్చారు. ఇక ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదని ఆయన చెబితే, మాకు సాయం అక్కర్లేదని, మా చేతులకు కాసిన బొబ్బలే మేము పనిచేసి బతుకుతామనడానికి సాక్ష్యమని వాళ్లు జవాబిచ్చారు. 1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఏటిలో దిగి ఇచ్చినవారు తెలుగు బోధకులే. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఇచ్చారు.

ఈ సంగతిని చర్చిలో చెప్పేటప్పుడు అందరూ ఆ 2,222 అన్న అంకె మీదే నిలుస్తారు. నా మనసు మాత్రం ఆ పదిహేను నెలల మీద నిలుస్తుంది. చేతిలో కూలి డబ్బులు పెట్టి, ఎదురుగా నిలబడి అడుగుతున్న మనిషికి ఇప్పుడు కాదని చెప్పడానికి ఎంత నిగ్రహం కావాలి! అన్నం పెట్టిన చేతిని జనం కాదనలేరు. ఆ సంగతి పెట్టేవాడికి తెలుసు. తెలిసి కూడా దాన్ని వాడుకోకపోవడమే సేవ చేసేవాడికి ఉండవలసిన మొదటి లక్షణమని నేను గట్టిగా నమ్ముతాను.

చర్చిలు సాయం పేరుతో మతం మారుస్తాయన్న మాట మన సమాజంలో ఉంది. ఆ మాట అనేవాళ్ల మీద కోప్పడటం వల్ల లాభం లేదు. నేను చర్చికి వెళ్లే మనిషిని. నాతోటి విశ్వాసులకు ఈ రేడియో ముఖంగా ఒక విన్నపం చేస్తున్నాను. మీరు బియ్యం పంచే చోట కరపత్రం పంచకండి. ఆసుపత్రిలో భోజనం పొట్లం అందించేటప్పుడు, ఆ రోగి అడగకుండా మంచం పక్కన ప్రార్థన మొదలుపెట్టకండి. అడిగితే వేరు. దేవుని మాట చెప్పడానికి ఆదివారం ఉంది, మందిరం ఉంది. ఆకలితో ఉన్న మనిషి వినడం ఇష్టపడి వింటున్నాడో, మొహమాటానికి వింటున్నాడో మనం ఎన్నటికీ తెలుసుకోలేము.

ఇక నేటి సంగతికి వస్తాను.

తెలుగు చర్చిల్లో పిడికెడు బియ్యం అనే అలవాటు చాలా చోట్ల ఉంది. పూట పూటకీ ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యం మందిరానికి చేరుతుంది. మిజోరంలో ఇదే పద్ధతిని బుహ్‌ఫై థామ్ అంటారు. 1910లో అక్కడి ప్రెస్బిటేరియన్ స్త్రీలు మొదలుపెట్టిన ఆ పని ఈనాటికీ సాగుతూ ఏటా కోట్ల రూపాయల కానుకగా మారింది. డబ్బు చేతిలో లేని స్త్రీ కూడా దాతగా నిలబడగలిగే ఏర్పాటు ఇది. తన ఇంట్లో కొలత తగ్గించుకుని ఇస్తుంది కాబట్టి, ఆకలి అంటే ఏమిటో తెలిసిన చేతి నుంచే అది వస్తుంది.

అయితే ఆ బియ్యం ఎవరింటికి వెళ్లాలి? అసలు కష్టం ఇక్కడే ఉంది. ఈ కష్టం కొత్తది కాదు. అపొస్తలుల కార్యముల గ్రంథం ఆరో అధ్యాయంలో మొట్టమొదటి సంఘంలో వచ్చిన సణుగుడు గురించి ఉంది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదు. యెరూషలేము వాళ్లు అక్కడివాళ్లు, వీళ్లు భాష వేరైనవాళ్లు. అపొస్తలులు ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేదు. మంచిపేరున్న ఏడుగురిని ఎన్నుకుని ఆ పని అప్పగించమని సంఘానికి చెప్పారు. వాళ్ల పేర్లు చూస్తే ఏడూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్నవాళ్ల వైపు నుంచే పంచేవాళ్లను తెచ్చుకున్నారన్నమాట. ఒంగోలు కాలువ గట్టు మీద జరిగిందీ ఇదే.

మన ఊళ్లలో పంచేవాళ్లను చూడండి. క్రిస్మస్‌కు దుప్పట్లు, చీరలు, కేకులు. వరసలో నిలబడేది ఎప్పుడూ వచ్చేవాళ్లే. వాళ్లకు అక్కరలేదని నేను అనడం లేదు. కానీ మంచం దిగలేని ముసలాయన ఆ వరసలోకి రాడు. భర్త పోయాక ఇల్లు కదలని ఆమె రాదు. ఒడిశా నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చిన కుటుంబానికి పంపకం ఉందన్న సంగతే తెలియదు, తెలిసినా భాష రాదు. టీబీ వచ్చిందని బయటికి పొక్కితే అద్దె ఇల్లు ఖాళీ చేయిస్తారని భయపడే మనిషి అసలే రాడు. జాబితా రాసేది సంఘ పెద్దలు. రాసేది మందిరంలో కూర్చుని. అందుకే వచ్చే మనుషుల పేర్లే అందులో ఉంటాయి.

నేను చూసిన మంచి పని చాలావరకు స్త్రీల సమాజాలు చేసినదే. వాళ్లు జాబితా రాయరు, వీధిలో తిరుగుతారు. ఏ ఇంట్లో పొయ్యి రాజేయలేదో, ఏ ఇంటి పిల్ల బడికి పోవడం మానేసిందో వాళ్లకు కుళాయి దగ్గరే తెలుస్తుంది. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు వాళ్లలోనే ఉంటారు. నూటికి నూరు పాళ్లు క్రైస్తవుల ఇళ్లకే వెళ్లాలన్న పట్టింపు వాళ్లకు లేదు. రంజాన్ నెలలో పక్కింటి వాళ్లు పంపిన హలీం గిన్నెను ఖాళీగా తిప్పి పంపని ఇళ్లు అవి.

కాలం మారింది కాబట్టి అవసరమూ మారింది. ఈ రోజు చాలామంది పేదలకు కావలసింది బియ్యం ఒక్కటే కాదు. రేషను బియ్యం వస్తోంది. వాళ్లకు కావలసింది తోడు వచ్చే మనిషి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు పింఛను ఇస్తున్నారు. నాలుగు బస్తాల బియ్యం మోసుకెళ్లి ఇచ్చినా, పింఛను రాక ఆగిపోయిన ఒక అవ్వకు దాన్ని తిరిగి వచ్చేలా చేయడంతో సమానం కాదు. జీవితమంతా కలుపు తీసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్లకు యంత్రం మీద ముద్ర పడదు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పు పడి ఉంటుంది. భర్త మరణ ధ్రువపత్రం తీసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. చదువుకున్న కుర్రాడు ఒక పూట సెలవు పెట్టి ఆమెను ఊళ్లోని గ్రామ సచివాలయానికి తీసుకెళ్లి, ఓపికగా కూర్చుని, పని పూర్తయ్యాక ఇంటి దగ్గర దింపాలి. మన యవ్వనస్తుల కూటాల్లో గిటారు వాయించే పిల్లలు ఎందరో ఉన్నారు. పాటతో పాటు ఈ పని కూడా ఆరాధనేనని పాస్టరు గారు మందిరంలో నిలబడి చెబితే వాళ్లు చేస్తారు. వాళ్ల మంచితనం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

ఫొటోల గురించి కూడా చెప్పాలి. దుప్పటి ఒక కొస ముసలమ్మ చేతిలో, రెండో కొస ఆరుగురి చేతుల్లో, వెనక బ్యానరు. ఆ ఫొటోను ఆమె మనవడు ఫోనులో చూస్తాడు. అతని తోటి పిల్లలు చూస్తారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మనకు నేర్పిన బోధ ఎంత సూటిగా ఉంది! చందా ఇచ్చినవాళ్లకు లెక్క చూపించాలంటే రసీదులు చూపించండి, కొన్న సరుకుల చిట్టా గోడకు అంటించండి. మనుషుల ముఖాలు చూపించవద్దు.

టీబీ మాట ఎత్తాను కదా. చర్చిలు ఈ నెలలోనే మొదలుపెట్టదగిన పని ఒకటి ఉంది. ఈ జబ్బుకు మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మామూలు టీబీ అయితే ఆరు నెలలు మానకుండా వాడాలి. పోషకాహారం కోసం రోగి ఖాతాలో వేసే సొమ్మును 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలకు పెంచారు. అయినా మందు వేసుకున్న కడుపులో సరైన తిండి లేక, రెండు నెలలకు కాస్త తేరుకోగానే కూలికి పోయి, మందు ఆపేసేవాళ్లు ఉన్నారు. అలా ఆపితే జబ్బు మొండికేస్తుంది, మందులకు లొంగడం మానేస్తుంది. 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నిక్షయ్ మిత్ర అనే ఏర్పాటు తెచ్చింది. వ్యక్తులైనా, సంఘాలైనా, మత సంస్థలైనా పేరు నమోదు చేసుకుని, రోగి ఒప్పుకుంటే, అతనికి నెలనెలా ఆహార సరుకులు ఇవ్వవచ్చు. పప్పు, నూనె, గుడ్లు, వేరుశనగ లాంటివి.

మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీబీ పని చూసే ఉద్యోగిని అడగండి. నమోదు ఎలాగో చెబుతారు. రోగి పేరు సంఘంలో చదవకండి, ప్రార్థన విన్నపాల చీటీలో కూడా రాయకండి. ఒక్కరిద్దరికి మాత్రమే తెలిస్తే చాలు. సరుకుల సంచి మీద చర్చి పేరు అచ్చు వేయించకండి, మామూలు బజారు సంచిలో ఇవ్వండి. మొదటి నెల పదిమందికి ఇచ్చి మూడో నెలకు ఆపేయడం కంటే, ఒకే ఒక్క మనిషికి ఆరు నెలలూ తప్పకుండా ఇవ్వండి. తీసుకెళ్లినవాళ్లు గుమ్మంలో పెట్టి వచ్చేయకుండా, కూర్చుని, ఈ వారం మందులు అన్నీ వేసుకున్నావా అని అడిగి, ఖాళీ అయిన మాత్రల అట్ట చూసి రండి. గర్భిణులు, చిన్న పిల్లలు ఉన్న ఇల్లయితే వాళ్లకూ పరీక్ష చేయించమని చెప్పండి. ఆ పరీక్షకు పోవడానికి బస్సు ఖర్చులు లేకపోతే అవి కూడా మీ బీదల నిధి నుంచే ఇవ్వవచ్చు.

నమస్కారం.