బార్కస్‌ని చెవులతో చూద్దాం రండి

అందరికీ నమస్కారం! ఈ రోజు వీడియోలో నా మొహం తక్కువ, చప్పుళ్లు ఎక్కువ. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టేసుకోండి.

డాలస్‌లో మా వీధిలో గడ్డి కోసే మెషీన్ తప్ప ఇంకో చప్పుడు ఉండదు. అందుకే ఈసారి హైదరాబాద్ రాగానే బావని అడిగాను. 'చార్మినార్ వద్దు బావా, అందరూ తీసేశారు, వేరే ఏదైనా చూపించు' అని. బండెక్కించుకుని చాంద్రాయణగుట్ట దాటించి బార్కస్ తీసుకొచ్చాడు.

చూడ్డానికి పాతబస్తీలో ఇంకో బస్తీ, అంతే. మేడలు, కరెంటు తీగలు, ఆటోలు. కానీ ఇది నిజాం సైన్యంలో కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల పేట. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక ఆ కొలువులు పోయాయి, కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. కెమెరా ఎంత తిప్పినా ఆ సంగతి నాకు దొరకలేదు. మైక్‌కి దొరికింది.

ఇదిగో, ఈ 'ధబ్... ధబ్' వినండి. పొద్దున్నే హరీసా హోటల్. డేగ్‌లో, అంటే పెద్ద గుండిగలో, ఉడికిన గోధుమ, మాంసం. ఒకాయన నిలబడి పొడుగాటి చెక్క ఘోట్నీతో దంచుతున్నాడు. మొదట్లో అడుగు తగిలి గట్టిగా మోగింది. కాసేపయ్యాక మోత తగ్గి, 'చపక్' అని అంటుకున్న చప్పుడు మొదలైంది, విన్నారా? గోధుమ మాంసంలో కలిసిపోతోందన్నమాట. ఆయన లోపలికి చూడను కూడా చూడట్లేదు, పక్కవాడితో కబుర్లు చెబుతూనే దంచుతున్నాడు. మన హలీంకి పెద్దన్న ఈ హరీసా. హలీం కోసం మనం రంజాన్ దాకా ఆగుతాం, ఇక్కడ ఇది పొద్దున టిఫిన్. ఖారా, మీఠా రెండూ ఉంటాయి. నా ఓటు మీఠాకే, బావ ఒప్పుకోడు.

పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దాయన గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్‌లో ఉన్నాడు. 'ఆవాజ్ ఆరీ క్యా?', అంటే 'వినిపిస్తోందా?' అని అరుస్తున్నాడు. మా అమ్మ నాతో రోజూ ఇదే మాట తెలుగులో, ఇదే వాల్యూమ్‌లో అంటుంది. ఆ ముక్క ఆడియో కట్ చేశాను. అడక్కుండా ఎవరి ఇంటి మాటలూ మన ఛానెల్‌లో పెట్టకూడదు కదా.

రాత్రి పెళ్లి ఊరేగింపు తగిలింది, మా అదృష్టం. మర్ఫా! డఫ్, డోలు, స్టీలు బిందెల మీద కర్రల దెబ్బ. హద్రమీ అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఈ ఊరికి తెచ్చిన దరువు. మన వాళ్ల బరాత్‌లో కూడా ఇది పడిందంటే తాతయ్యలు సైతం తీన్‌మార్ వేసేస్తారు. దగ్గరికి వెళ్లేసరికి నా మైక్ చేతులెత్తేసింది, ఆ గరగర అదే, సారీ.

చివరగా లుంగీ కొందామని షాపుకి వెళ్లాం. బావ ఉర్దూలో బేరం ఆడుతుంటే నేను మెల్లగా తెలుగులో, 'బావా, బాగా ఎక్కువ చెబుతున్నాడు' అన్నాను. షాపాయన లుంగీ నా చేతిలో పెట్టి, 'ఎక్కువేం కాదన్నా, బట్ట పట్టుకుని చూడు' అన్నాడు, అచ్చ తెలుగులో.

నోరు మూసుకుని రెండు కొన్నాను.