పొద్దున్నే మొరాయించే ఇన్వర్టర్

(ఒక ఇంజినీరింగ్ కళాశాల ఎలక్ట్రికల్ విభాగం సదస్సులో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, హెచ్.ఓ.డి. మేడమ్ గారికి, బస్టాండు నుంచి నన్ను ఎండ తగలకుండా తీసుకొచ్చిన థర్డ్ ఇయర్ పిల్లలకి, అందరికీ నమస్కారం. శాలువా కప్పారు, బొకే ఇచ్చారు. పరిచయంలో నన్ను శాస్త్రవేత్త అన్నారు. కాదు నాయనా. కర్నూలు, అనంతపురం వైపు సోలార్ ప్లాంట్లలో మెయింటెనెన్స్ చూసి రిటైరైన మనిషిని. మీ భాషలో ఓ అండ్ ఎం.

మీరిచ్చిన అంశం ‘స్వచ్ఛ ఇంధన రంగంలో ఉజ్వల ఉద్యోగావకాశాలు’. జీతాల స్లైడు ఒకటి పెట్టమన్నారు, పెట్టలేదు. అవి మీ ఫోన్లలోనే ఉంటాయి, నాకంటే మీకే బాగా తెలుసు.

ముందు ఒక మాట చెప్పండి. మెగ్గర్, అదే వైరు తొడుగులోంచి కరెంటు కారుతోందో లేదో కొలిచే మీటరు, చేత్తో పట్టుకుని ఒక్కసారైనా ఇన్సులేషన్ కొలిచినవాళ్ళు చేతులెత్తండి. ఆ చివర అమ్మాయీ, చెయ్యి ఎత్తావా, జడ సర్దుకున్నావా? సరే. మీ తప్పేం లేదు. ఇంటర్వ్యూకి వచ్చిన ఫస్ట్ క్లాసు పిల్లలే మల్టీమీటర్ ప్రోబులు ఏ రంధ్రంలో పెట్టాలో తెలియక దిక్కులు చూడటం నేను చూశాను. సిలబస్ వేసేవాళ్ళని అడగాల్సిన సంగతి అది.

సోలార్ సెల్ ఎలా పుట్టిందో మీ పుస్తకంలో ఒక లైనుంటుంది: 1954, బెల్ ల్యాబ్స్, 6 శాతం సామర్థ్యం. ఆ లైను వెనక ఏముందో చెబుతాను. తేమ ఎక్కువగా ఉండే ఊళ్ళలో టెలిఫోన్ లైన్లకి పెట్టిన డ్రై బ్యాటరీలు త్వరగా పాడైపోయేవి. వేరే దారి చూడమని డారిల్ చాపిన్ అనే ఇంజినీరుకి అప్పజెప్పారు. ఆయన సెలీనియం సెల్ పట్టుకుని తంటాలు పడ్డాడు, 1 శాతం కూడా రాలేదు. అదే సంస్థలో ఉన్న గెరాల్డ్ పియర్సన్ సిలికాన్ చూడమన్నాడు. కాల్విన్ ఫుల్లర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ సిలికాన్‌లోకి కావలసిన మలినాన్ని కావలసినంత లోతుకి పంపే పద్ధతి కుదిర్చాడు. అంటే ఇదంతా భూగోళాన్ని కాపాడదామని మొదలైంది కాదు. ఫీల్డు నుంచి వచ్చిన ఒక కంప్లయింటు!

అంతకుముందు, 1940లో, అదే బెల్ ల్యాబ్స్‌లో రసెల్ ఓల్ పగులున్న సిలికాన్ ముక్కని పరీక్షిస్తుంటే దాని మీద వెలుతురు పడినప్పుడల్లా మీటరు కదిలింది. పగిలిన ముక్క కదా అని అవతల పారేసి మరో ముక్క తీసుకోవచ్చు. ఆయన పారేయలేదు. మీరు పరీక్షలో బొమ్మ గీసే పి-ఎన్ జంక్షన్, అంటే రెండు రకాల సిలికాన్ కలిసే సరిహద్దు, అక్కడ దొరికింది. చెడిపోయినదాన్ని ఎందుకు చెడిందని చూసేవాడే ఈ రంగానికి మూలపురుషుడు. అలాంటివాణ్ణే మనం ‘సైట్లో ఉంటాడు’ అని చిన్నచూపు చూస్తాం. పెళ్ళి సంబంధాల దగ్గర కూడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంకో నాలుగు స్లైడ్లున్నాయి, వాటిని పక్కన పెట్టేద్దాం.

మా ప్లాంట్లో ఒక ఇన్వర్టర్ ఉండేది, ప్యానెళ్ళిచ్చే డి.సి. కరెంటుని ఏ.సి.గా మార్చే పెట్టె. చలికాలం రాగానే రోజూ పొద్దున మొరాయించేది. ఇన్వర్టర్ లైన్లోకి వచ్చే ముందు ప్యానెళ్ళ వైపు నుంచి భూమిలోకి కరెంటు కారుతోందా అని ఇన్సులేషన్ చూసుకుంటుంది. తక్కువుంటే ‘నేను రాను’ అంటుంది. తొమ్మిదిన్నర, పది అయ్యేసరికి తనంతట తనే మామూలైపోయేది. కంపెనీ ఇంజినీరు పట్నం నుంచి కారు దిగేసరికి పదకొండు. మెగ్గర్ పెడితే అంతా బంగారం. ఇన్వర్టర్ లోపలి సర్క్యూట్ కార్డు మార్చారు. మళ్ళీ అదే. ఇంకో కార్డు మార్చారు. పొద్దున పోయిన యూనిట్లకి నా మీద మెయిళ్ళ మీద మెయిళ్ళు. ఆ టెన్షన్ నాకు, నిద్ర ఆయనకి.

ప్యానెళ్ళు కడిగే గ్యాంగులో ఒక కుర్రాడుండేవాడు. ప్లాంటుకి భూమి ఇచ్చిన ఊరివాడే, ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ చేశాడు. ఒకరోజు నా గది గుమ్మం దగ్గర నిలబడి, “సార్, ముందురోజు సాయంత్రం మేము ఆ వరస కడిగితే మర్నాడు ఇది ఇంకా ఆలస్యంగా లేస్తాది సార్” అన్నాడు. అంతకంటే మంచి రిపోర్టు నేను నా సర్వీసులో చదవలేదు. తడి ఉంటేనే తప్పు. మంచు ఆరితే మాయం. మరి పదకొండుకి వచ్చేవాడికి ఎట్లా దొరుకుతుంది?

మర్నాడు చీకటుండగానే ఇద్దరం వెళ్ళాం. ఇన్వర్టర్ ఆపి, స్ట్రింగుల వైర్లు కలిసే కంబైనర్ బాక్సులో ఫ్యూజులు తీసి, వెలుతురు రాగానే స్ట్రింగులు, అంటే వరసగా కలిపిన ప్యానెళ్ళ గొలుసులు, ఒక్కొక్కటే చూశాం. ఇది రాసుకోండి. ఒక స్ట్రింగులో 20 ప్యానెళ్ళు, ఒక్కోటి సుమారు 40 వోల్టులు, మొత్తం 800. మంచి స్ట్రింగయితే పాజిటివ్ నుంచి ఎర్తుకి గానీ, నెగటివ్ నుంచి ఎర్తుకి గానీ నికరమైన వోల్టేజి నిలబడదు. ఆ స్ట్రింగులో నిలబడింది: పాజిటివ్ నుంచి ఎర్తుకి 200, నెగటివ్ నుంచి 600. రెండూ కలిపితే 800. 200ని 40తో భాగించండి. ఎంత? గట్టిగా! ఐదు. పాజిటివ్ వైపు నుంచి ఐదో ప్యానెల్‌కీ ఆరో ప్యానెల్‌కీ మధ్య వైరు భూమికి తగులుతోంది. వంగి చూస్తే కేబుల్ టై ఎండకి పెళుసెక్కి తెగిపోయింది, వైరు జారి స్ట్రక్చరు అంచుకి రాసుకుంటోంది. పైతొడుగు అరిగి లోపల రాగి మెరుస్తోంది, అక్కడే నీటిబొట్టు. రెండు కార్డులు మార్చారు చూడండి, అంత ఖర్చు, ఒక ప్లాస్టిక్ టై కోసం!

మీరు చేసేటప్పుడు మాత్రం గ్లవ్స్ లేకుండా, 1000 వోల్టుల రేటింగున్న మీటరు లేకుండా చెయ్యొద్దు. లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, కనెక్టరు లాగొద్దు. ఏ.సి.లో కరెంటు సెకనుకి వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఆర్క్, అదే లాగినప్పుడు లేచే నిప్పు, ఆరిపోవడానికి సందు దొరుకుతుంది. డి.సి.లో ఆ సందు లేదు, పట్టుకుంటే వదలదు.

నెలాఖరు రిపోర్టులో ఏం రాశారో తెలుసా? ‘సర్వీస్ ఇంజినీరు సమస్యను పరిష్కరించారు.’ ఆ కుర్రాడి పేరు పెట్టమని నేను రాసి పంపితే, కాంట్రాక్టు లేబరు పేర్లు రిపోర్టులో పెట్టే పద్ధతి లేదన్నారు. తర్వాతి ఏడాది కాంట్రాక్టరు మారాడు, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, ఇతను బయట. ఇదెక్కడి న్యాయమండీ? భూమి ఆ ఊరిది, ఎండ ఆ ఊరిది, చదువుకున్న పిల్లాడికి మాత్రం గడ్డి కోసే పని, వాచ్‌మన్ పని.

లిథియం అయాన్ బ్యాటరీ కథ తెలుసు కదా. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ బ్యాటరీ పాజిటివ్ వైపుకి కోబాల్ట్ ఆక్సైడ్ కాథోడ్ చేసిన జాన్ గుడినఫ్‌కి రాయల్టీ రాలేదు. పేటెంటు మీద విశ్వవిద్యాలయానికి ఆసక్తి లేకపోయింది. అయినా 2019లో, 97 ఏళ్ళ వయసులో నోబెల్ వచ్చింది. ఆయన తరఫున నోబెల్ ఉపన్యాసం ఇచ్చినవాడు మన పొరుగు తమిళనాడులో పుట్టిన అరుముగం మంథిరామ్. డబ్బు రాకపోతే పేరైనా వచ్చింది. మా కుర్రాడికి రెండూ లేవు.

హెచ్.ఓ.డి. మేడమ్ వాచీ చూస్తున్నారు. అవకాశాల గురించి గబగబా చెప్పేస్తాను. పరిశోధన మీద మనసుంటే హైదరాబాదు బాలాపూర్‌లో ఏ.ఆర్.సి.ఐ. అనే పరిశోధన సంస్థ ఉంది, బ్యాటరీ పదార్థాల మీద పని జరుగుతోంది. గాలి మరల మీద అయితే చెన్నైలో జాతీయ పవన శక్తి సంస్థ. కోడింగ్ వదల్లేనంటే ఫోర్‌కాస్టింగ్‌కి వెళ్ళండి: రోజుని 15 నిమిషాల లెక్కన 96 బ్లాకులు చేసి, ఏ బ్లాకులో ఎంత కరెంటిస్తామో ముందే చెప్పాలి, తప్పితే జరిమానా. మబ్బు మీద పందెం కాసే ఉద్యోగం అది. సివిల్, మెకానికల్ వాళ్ళు పిన్నాపురం వైపు చూడండి, పంప్డ్ స్టోరేజి, అంటే నీళ్ళు పైకి తోడి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం, ముక్కాలు వంతు మీ పనే. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అప్పుడు కొత్తగా పెట్టిన కేబుల్ టైలకి ఇప్పుడు వయసొచ్చింది. వాటిని చూసేవాళ్ళు కావాలి. ఆ పని మీలో ఎవరు చేస్తారు, బెంగళూరు బస్సెక్కేవాళ్ళా?

ప్రిన్సిపాల్ గారూ, వేదిక మీదే అడుగుతున్నాను, ఏమనుకోకండి. ఇందాక పైకొస్తూ మెట్ల కింద మీ రూఫ్‌టాప్ ప్లాంటు ఇన్వర్టర్ చూశాను. ఎర్ర లైటు వెలుగుతోంది, డిస్‌ప్లేలో ఎర్త్ ఫాల్ట్ అని ఉంది. ఎన్నాళ్ళుగా అని అటెండరుని అడిగితే, “ఎప్పుడూ అంతే సార్” అన్నాడు. మిట్టమధ్యాహ్నం కూడా ఉందంటే మంచిదే, ఇది దాక్కునే తప్పు కాదు. అంత ప్లాంటు నెత్తిన పెట్టుకుని, కింద గదిలో బోర్డు మీద ఐ-వి కర్వ్, అదే ప్యానెల్ కరెంటు-వోల్టేజీల గ్రాఫు, గీస్తున్నాం.

మీరు సరేనంటే భోజనాలకి ముందే పైకి వెళదాం. నా బ్యాగులో మీటరు, గ్లవ్స్ ఉన్నాయి. స్ట్రింగుకి ఎన్ని ప్యానెళ్ళో ఒకరు లెక్కపెట్టండి, ఒకరు వోల్టేజీలు రాయండి, భాగహారం ఆ జడ సర్దుకున్న అమ్మాయి చేస్తుంది. ప్రశ్నలేమైనా ఉంటే పైనే అడగండి. చెప్పులేసుకున్నవాళ్ళు రావద్దు, బూట్లున్నవాళ్ళే రండి. మేడ తాళం ఎవరి దగ్గరుందో కాస్త కనుక్కోండి.